ఆరు వేరు, ఏరు వేరు

సంపాదకులకు,

తమిళ ‘ఆఱు’కున్న అంకె, నది అనే రెండర్థాలకూ మూలం ఒకటేనని గత సంచికలో రాశారు. కాదండీ. పాత తమిళంలో నది ‘యాఱు’. మొదటి యకారం జారిపోయింది. మన ‘ఏఱు’ దానికి తోబుట్టువు. తిరువైయాఱు అంటే అయిదేరుల ఊరు. అంకెది వేరే పుట్టిల్లు: గోండిలో ఆరును ‘సారుంగ్’ అంటారు. ఆ మొదటి హల్లు తెలుగు, తమిళ, కన్నడాల్లో రాలిపోయింది.

ఇంట్లో ‘దీపం ఆరింది’ అంటే, తమిళ బడికెళ్లే మా మనవడు ‘నదైపోయిందా తాతా?’ అని నవ్వుతాడు. కాఫీ చల్లారితే మాత్రం వాడే ‘ఆఱిపోచ్చు’ అంటాడు. మన దీపం ‘ఆరు’కు అసలు చుట్టం ఆ కాఫీ ‘ఆఱు’, నది కాదు.

— ఒక పాఠకుడు, పిక్కిలి, ధర్మపురి జిల్లా