ప్రళయకావేరి తప్పా?

మొన్న మాయింటికి చదువుకొనవచ్చు నొక బాలిక కంటనీరు పెట్టుకొని వచ్చినది. ఆమె యవ్వ సరస్సులోని దీవిలో పుట్టినది. ఆ సరస్సును ప్రళయకావేరి యనును. “అది తప్పు, అవ్వా! పటములో పులికాట్ అని యున్నది” అని మనుమరాలు దిద్దినదట. నాటినుండి అవ్వ దీవి కథలు చెప్పుట మానివేసినది.

విచారింపగా ఆ దిద్దుబాటే దిద్దదగినదిగా నున్నది. సరస్సు దక్షిణపుటంచున నున్న యూరిని అరవవారు పళవేర్కాడు అందురు. “పళ” యన మన “ప్రాత”, “వేర్” మన “వేరు”, “కాడు” అడవి. ప్రాతవేళ్ల యడవి యని కొందఱును, ప్రాతదైన వేర్కాడను నూరని కొందఱును అర్థము చెప్పుదురు. డచ్చివారు 1613లో అచట కోట కట్టుకొనిరి. ఐరోపావారి నోట ఆ పేరు పులికాట్ అయ్యెను. ఆ పేరుననే గళ్ల చేతిరుమాళ్లు దేశాంతరములకు పోయెను. తెనుగువారి నోట నదియే ప్రళయకావేరి యైనట్లు తోచుచున్నది. కావేరీనది యచటికి రాదు. కాని తుపానులెఱిగిన తీరవాసులకు ప్రళయమను మాట దూరము కాదు. తెలియని ధ్వనిని తెలిసిన మాటగా మార్చుకొనుట ప్రజల నాలుకకు సహజము. కావున పటములోని పేరును, అవ్వ పేరును ఒక తల్లి బిడ్డలే.

ఇట్టిది మనకే కాదు. ఫిన్లాండులో టుర్కు అను పట్టణము కలదు. ఆ పేరు ప్రాచీన రష్యాభాషలో సంత యను నర్థముగల మాటనుండి వచ్చినది. స్వీడిషు భాషవారు ఆ యూరినే ఓబూ అందురు. ఏటియొడ్డు నివాసమని దాని భావమందురు. అచటి వీథిపలకలపై నేటికిని రెండు భాషలును ఉన్నవి. మన సూళ్లూరుపేటలోని “పేట”యు అంగళ్లున్న తావే. ఊరు కాళంగి యొడ్డుననే యున్నది. ఆ దూరదేశపు పట్టణముతో మనకు రెండువిధముల చుట్టరికము!

“అమ్మాయీ! పరీక్షలో పులికాట్ అని వ్రాయుము. ఇంటికి పోయి, ప్రళయకావేరి కథ చెప్పుమని అవ్వను అడుగుము” అని పంపితిమి. ఆనాడు అవ్వ పలుకలేదట. మఱునాటిరాత్రి తానే పిలిచి, పడవలో తాను అత్తవారింటికి వచ్చిన కథ మొదలుపెట్టినదట.

మీ యిండ్లలోని పెద్దలు చెప్పు ఊళ్ల పేర్లను, చెరువుల పేర్లను దిద్దకముందు ఒక్కమాఱు వ్రాసికొనుడు. పటము మఱల అచ్చగును. అవ్వనోటి మాట అచ్చుకాదు.