పత్తి మిల్లు కూలీలకు నిప్పు పాఠం ఎప్పుడు?

ఏటా దసరా, దీపావళి దాటితే ఆదిలాబాద్ జిల్లాలో జిన్నింగు మిల్లులు తిరుగుతాయి. జైనథ్, బేల, తాంసి పల్లెల పత్తి అక్కడికి చేరుతుంది. పని కోసం కూలీలూ చేరుతారు. పత్తి ఎక్కడ పోయాలో, గింజ ఎటు ఎత్తాలో మేస్త్రీ మొదటి రోజే చూపిస్తాడు. నిప్పు అంటుకుంటే ఎటు పరుగెత్తాలో చూపించేవారు మాత్రం తక్కువ.

దూది అంటుకోవడానికి బీడీ ముక్కే అక్కరలేదు. పత్తిలో కలిసి వచ్చిన రాయి, ఇనుప ముక్క యంత్రంలో పడి రవ్వ లేస్తే చాలు. నూనె లేక బేరింగు వేడెక్కినా, మోటారు మీద పేరుకున్న దూదికి కరెంటు రవ్వ తగిలినా అంతే. పైమంట ఆరినా బేలు లోపల నిప్పు రోజుల తరబడి రగులుతూ ఉండగలదు. అటువంటి బేళ్లను గోదాములో పెట్టక, ఆరుబయట దూరంగా ఉంచి కనిపెట్టి ఉండాలి.

గోడకు ఎర్ర సిలిండరు వేలాడితే సరిపోదు. పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి తిప్పి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలని తెలియని చేతిలో అది ఇనుప ముద్దే. చిన్న సిలిండరులోని పొడి అర నిమిషం లోపే అయిపోతుంది. కాలే దూది మీద నీళ్లు పోయవచ్చు. కరెంటు ఉన్న మోటారు మీద పోస్తే పోసినవాడికే ప్రాణాపాయం. ముందు మెయిన్ ఆపాలి. ఈ మాత్రం నేర్పడానికి ఒక పూట చాలు.

సికింద్రాబాద్ బోయగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున తుక్కు గోదాము కాలి, పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. కింద మంట, బయటపడే దారి లేదు. మిల్లు ఆవరణలోనే వలస కూలీలు పడుకునే చోట ఈ సంగతి మరువరాదు.

బయటపడే మార్గం కార్మికులకు తెలియాలని, తగిన శిక్షణ ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షనులోనే రాశారు. నేడున్న కూలీ రేపుండడు, నేర్పి ఏం లాభమని యజమానులు అనవచ్చు. కూలీలు మారుతారు గనుకనే ఏటా నేర్పాలి.

సీజనుకు ముందే ప్రతి మిల్లుకు అగ్నిమాపక సిబ్బందిని పిలిపించి ఒక పూట శిక్షణ ఇప్పించాలి. తెలుగు రానివారికి గోండిలో, మరాఠీలో చెప్పించాలి. ఆ పూట కూలి కోయరాదు. తలుపుల ముందు బోరాలు పేర్చరాదు. 101 నంబరు గేటు వద్ద పెద్ద అక్షరాలతో రాయించాలి. పత్తిలో రాళ్లు, తీగ ముక్కలు రాకుండా చూడడం రైతుల వంతు. అధికారులు కాగితాలతో తృప్తి పడక, ఒక కూలీని పిలిచి సిలిండరు పట్టించి చూడాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని ఇకనైనా మానాలి.