నమాజు వ్యాయామమా?

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. ఆ మాటను ఆలంబనగా తీసుకొని మన సమాజంలో ఒక వాదం బహుళ ప్రచారం పొందింది. నమాజు సర్వోత్తమమైన వ్యాయామమనీ, దానిని పాటించేవారికి నడుమునొప్పి దరిచేరదనీ, కీళ్లవ్యాధులు సైతం నయమవుతాయనీ కొందరు ఉపన్యాసకులు ఘంటాపథంగా చెబుతున్నారు. విద్యార్థులు విజ్ఞాన ప్రదర్శనలలో పటాలు గీసి చూపుతున్నారు. ఈ వాదంలో సత్యమెంత, అతిశయోక్తి ఎంత అని విచారించటం విద్యావంతుల విధి. నా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాను. నమాజు భంగిమలు వెన్నుకూ కటికీ మేలు చేసేవే. అయితే ఆ మేలు రెండు నియమాలపై ఆధారపడి ఉన్నది. మొదటిది నిదానం, రెండవది అశక్తునికి ధర్మం ఇచ్చిన మినహాయింపు. ఈ రెండింటినీ విస్మరించి వ్యాయామ మహిమను చాటటం వ్యర్థం.

ముందుగా శరీర నిర్మాణాన్ని కొంత తెలుసుకొందాం. మానవుని వెన్నెముకలో సాధారణంగా 33 పూసలుంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5, వాటి క్రింద ఒకటిగా అతుక్కుపోయి త్రికాస్థిగా ఏర్పడినవి 5, చివర తోకపూసలు 4. త్రికాస్థి ఇరుప్రక్కలా తుంటి ఎముకలతో కూడి కటివలయం ఏర్పడుతుంది. మొండెం బరువంతా ఆ వలయం గుండానే కాళ్లకు దిగుతుంది. పూసకూ పూసకూ నడుమ డిస్కు అనే మెత్తని బిళ్ల ఉంటుంది. పెద్దవారిలో ఈ డిస్కులకు రక్తనాళాలు దాదాపుగా ఉండవు. చుట్టుప్రక్కల కణజాలం నుండి ఊరివచ్చే ద్రవమే వాటికి ఆహారం. అందువలన కదలిక వెన్నుకు హితం. కదలక కూర్చొనటం అహితం.

ఇక నమాజు సంగతి. ఫజర్ 2, జొహర్ 4, అసర్ 4, మగ్రిబ్ 3, ఇషా 4, మొత్తం 17 ఫర్జ్ రకాతులు. రకాతుకు ఒక రుకూ, రెండు సజ్దాలు. సున్నత్, నఫిల్ నమాజులను లెక్కించకపోయినా దినానికి 17 రుకూలు, 34 సజ్దాలు అవుతాయి. తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు ఐదు పర్యాయాలు మనిషి తన పని విడిచి నిలుస్తున్నాడు, వంగుతున్నాడు, సాష్టాంగపడుతున్నాడు, కూర్చొని తిరిగి లేస్తున్నాడు. గంటల తరబడి పుస్తకం మీద వంగి ఉండే విద్యార్థికీ, కుట్టుమిషను ముందు కూర్చునే దర్జీకీ ఇది ఎంత ఉపశమనమో వేరుగా చెప్పనక్కరలేదు.

రుకూను తీసుకొందాం. ప్రవక్త ముహమ్మద్ (స) రుకూ చేసినప్పుడు తలను పైకెత్తేవారు కాదనీ, క్రిందికి వ్రేలాడవేసేవారూ కాదనీ, నడిమి స్థాయిలో ఉంచేవారనీ హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు. అరచేతులు మోకాళ్లను పట్టుకొని ఉండాలి, వీపు చదునుగా ఉండాలి. ఇట్లు వంగినప్పుడు వంపు ప్రధానంగా తుంటికీళ్ల వద్ద వస్తుంది. నడుము పూసలు తమ వరుస తప్పవు. తొడల వెనుక కండరాలు సాగుతాయి. మొండెం భారంలో కొంత చేతుల ద్వారా మోకాళ్లకు చేరుతుంది. ఈ చివరి అంశం చిన్నది కాదు. నడుము డిస్కులలోని ఒత్తిడిని స్వయంగా కొలిచిన స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ లెక్క ప్రకారం, నిలుచున్నప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, 20 డిగ్రీలు ముందుకు వంగినప్పుడు అది సుమారు 150 అవుతుంది. కనుక చేతుల ఆసరా లేకుండా, వీపును గూనిగా వంచి, తటాలున పైకి లేచేవారు వెన్నుకు మేలు చేయటం లేదు. దానిపై భారం మోపుతున్నారు.

సజ్దాలో ముక్కుతో కూడిన నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వ్రేళ్లు నేలను తాకాలి. నిలువుగా దిగే బరువు ఇప్పుడు ఏడు చోట్లకు పంపకమవుతుంది. తుంటికీళ్లు బాగా ముడుచుకొని, నడుములోని లోపంపు సడలి, వెన్ను కండరాలు సాగుతాయి. కటి భాగం తలకన్నా ఎత్తుకు చేరటం చేత పొత్తికడుపులోని అవయవాల భారం కటి అడుగుభాగంపై తగ్గుతుంది. ప్రసవానికి ముందు బొడ్డుతాడు జారినప్పుడు వైద్యులు తల్లిని మోకాళ్లూ రొమ్మూ పడకకు ఆనించి ఉంచటం కూడా ఈ భారాన్ని తగ్గించటానికే. అటుపిమ్మట ఎడమ పాదం పరచి దానిపై కూర్చొనటం తొడల ముందు కండరాలను, చీలమండలను మెత్తబరుస్తుంది. నేలపై దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని భుజించిన తరానికి ఇది సహజం. కుర్చీలలో పెరిగిన నేటి తరానికి కొంత అభ్యాసం కావాలి.

అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయం 2017లో వెల్లడించిన ఒక పరిశోధనను మనవారు తరచుగా ఉదహరిస్తారు. పరిశోధకులు కంప్యూటరులో మానవాకృతులను నిర్మించి, నమాజు కదలికలలో నడుముపై పడే ఒత్తిడిని లెక్కించారు. నడుముకు అధిక శ్రమ కలిగించే భంగిమ రుకూయేనని తేలింది. మోకాళ్లను, వీపును సరైన కోణాలలో ఉంచితే నొప్పి తగ్గవచ్చునని వారు అభిప్రాయపడ్డారు. అది రోగులపై జరిపిన చికిత్సా పరీక్ష కాదు. కాని వారి నోట ‘తగ్గవచ్చును’ అన్న మాట మనవారి నోట ‘నయమవుతుంది’గా మారిపోయింది. ధర్మానికి గౌరవం చేకూర్చాలంటే అసత్యం అవసరం లేదు.

ఇప్పుడు మొదటి నియమానికి వస్తాను. మసీదులో ఒక వ్యక్తి త్వరత్వరగా నమాజు ముగించగా, ప్రవక్త (స) అతనిని మూడుసార్లు వెనుకకు పంపి మరల చేయమన్నారు. పిమ్మట, రుకూలో స్థిమితపడాలనీ, పూర్తిగా నిటారుగా నిలవాలనీ, సజ్దాలోనూ స్థిమితపడాలనీ నేర్పారు. మధ్యాహ్న విరామంలో మన విద్యార్థుల జొహర్ నమాజును చూసినవారికి ఈ ఉదంతం జ్ఞాపకం రాక మానదు. కాకి గింజలు పొడిచినట్లు చేసే సజ్దాలలో భక్తికీ చోటు లేదు, వెన్నుకూ విశ్రాంతి లేదు.

రెండవ నియమం మరింత ముఖ్యం. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) మూలవ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమనీ, శక్తి లేకుంటే కూర్చొని, అదీ సాధ్యం కాకుంటే ప్రక్కకు పడుకొని చేయమనీ ప్రవక్త (స) ఆదేశించారు. స్వయంగా ఆయన గుర్రంపై నుండి పడి గాయపడినప్పుడు కూర్చొని నమాజు చేయించారు. తుంటికీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగినవారిని కొంతకాలం లోతుగా వంగవద్దని వైద్యులు వారిస్తారు. అట్టివారు సైగతోనే రుకూ సజ్దాలు చేయవచ్చును; సజ్దా సైగలో తలను మరికొంత క్రిందికి వంచితే చాలును.

ఇంత సులభమైన ధర్మాన్ని మనం కఠినం చేసుకొన్నాం. మా నానాగారికి నడుము నుండి కాలి వరకు నరం లాగే బాధ ఉండేది. కుర్చీపై నమాజు చేస్తే నలుగురూ ఏమనుకొంటారో అన్న బిడియంతో నెలల తరబడి పళ్లు బిగబట్టి సజ్దా చేశారు. ‘నమాజు సరిగా చేస్తే నడుము నొప్పే రాదు కదా’ అని ఒక యువకుడు ఆయన ఎదుటనే అన్నాడు. ఆ మాటతో ఆయన నొప్పికి నేరం కూడా తోడైంది. చివరకు ఒక వృద్ధ మౌల్వీగారు వచ్చి, అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని నిరాకరించటం భక్తి కాదని నచ్చచెప్పిన తరువాతనే ఆయన కూర్చొన్నారు. వ్యాయామవాదం చేసే హాని అక్కడే నాకు తెలిసివచ్చింది. నమాజును ఔషధమని ప్రకటించిననాడు రోగి దోషి అవుతాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన ప్రార్థనాగదిలో రెండు మూడు కుర్చీలు వేయించండి. మధ్యాహ్న విరామాన్ని మరొక పది నిమిషాలు పొడిగించండి. విద్యార్థి సోదరసోదరీమణులకు కూడా ఒక మాట. నమాజు ప్రభువు కొరకు చేయండి, నిదానంగా చేయండి. వెన్నుకు కలిగే మేలు అడగకుండానే లభిస్తుంది. వెనుక వరుసలో కుర్చీపై కూర్చొన్న వృద్ధుడు కనిపించినప్పుడు సలాం చెప్పండి, కారణం అడగకండి.