బాదం గింజంత చోట

ఆఫీసు నుంచి వచ్చిన భర్త చెప్పులు విడిచి, ఒక్క మాటా మాట్లాడకుండా స్నానానికి వెళ్లిపోతాడు. అలసట తప్ప అందులో ఏమీ లేదు. భార్యకు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే జబ్బు ఉంటే మాత్రం ఆ మౌనానికి ఆమె మనసు వేరే అర్థం చెబుతుంది. తన మీద కోపం వచ్చింది, ఇక తనను వదిలేస్తాడు అన్న భయం క్షణాల్లో కమ్ముకొస్తుంది. ఏడుపు, అరుపులు, ధడేలుమని తలుపు వేసుకోవడం. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: 'ఎందుకే ఈ నాటకాలు?'

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని ఆ ఇంట్లోవాళ్లంతా వినాలి. ఈ జబ్బున్న 15 మందిని, లేని 15 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి మనుషుల ముఖాల ఫొటోలు చూపించారు. కొన్ని నవ్వుతున్నవి, కొన్ని దిగులుగా, కొన్ని భయంగా ఉన్నవి, కొన్ని ఏ భావమూ లేనివి. జబ్బున్నవారి మెదడులో ఎడమవైపు అమిగ్డలా మిగతావారికంటే ఎక్కువగా స్పందించింది. ఏ భావమూ లేని ముఖం కూడా తమను బెదిరిస్తున్నట్టే ఉందని వారిలో కొందరు చెప్పారు. గ్రీకులో అమిగ్డలా అంటే బాదం. ఆ ఆకారంలో, అంతే పరిమాణంలో చెవుల దగ్గర లోపలివైపు ఉండే ఈ భాగమే ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేస్తుంది. నుదుటి వెనక ఉండే భాగాలు దాన్ని నెమ్మదింపజేయాలి. ఈ జబ్బులో ఆ పట్టు సడలుతుంది.

అంటే ఆమెకు కలిగిన భయం నిజమైనది. దానికి కారణమైన కోపం మాత్రమే లేదు. 'అలసిపోయాను, నీ మీద కోపం లేదు, స్నానం చేసొస్తా' అని భర్త ఒక్క ముక్క చెబితే ఆ సాయంత్రం వేరుగా గడిచే అవకాశం ఉంది.

మెదడు పనితీరులోనే కాదు, పరిమాణంలోనూ తేడాలు కనిపించాయి. జర్మనీలో మార్టిన్ డ్రీసెన్ బృందం 2000లో ఈ జబ్బున్న 21 మంది మహిళలను, ఆరోగ్యంగా ఉన్న మరో 21 మందిని పోల్చింది. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ జబ్బున్నవారిలో దాదాపు 16 శాతం, అమిగ్డలా 8 శాతం చిన్నవిగా ఉన్నాయి. తర్వాత ఎన్నో బృందాలు కొలిచాయి. వాటన్నిటినీ కలిపి 2012లో లెక్కగడితే హిప్పోక్యాంపస్‌లో 11, అమిగ్డలాలో 13 శాతం తగ్గుదల తేలింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇవన్నీ సగటులు. సగటు చెప్పేది వేరు, ఎదురుగా కూర్చున్న మనిషి మెదడు చెప్పేది వేరు. ఎమ్మారై తీయించి ఈ జబ్బు ఉందో లేదో తేల్చే డాక్టరు ప్రపంచంలో ఎక్కడా లేరు, ఎవరైనా తేలుస్తామంటే నమ్మకూడదు. దీర్ఘకాలపు డిప్రెషన్‌లోనూ, ఘోరాలు చూసినవారిని వెంటాడే పీటీఎస్‌డీలోనూ హిప్పోక్యాంపస్ చిన్నదిగానే కనిపిస్తుంది. పైగా ఈ జబ్బు నిర్ధారణకు అమెరికన్ మనోవైద్యులు పెట్టుకున్న లక్షణాలు తొమ్మిది, వాటిలో ఏ అయిదు ఉన్నా చాలు. ఆ లెక్కన ఇది 256 రకాలుగా కనిపించవచ్చు. ఒకే జబ్బు పేరు మోస్తున్న ఇద్దరి మధ్య ఒకే ఒక్క లక్షణం ఉమ్మడిగా ఉండవచ్చు.

మరి ఏది ముందు? చిన్నప్పటి హింస, నిర్లక్ష్యం మెదడును ఇలా మార్చాయా, ఇలాంటి మెదడుతో పుట్టినవారినే ఆ హింస ఎక్కువగా గాయపరిచిందా? పీటీఎస్‌డీ విషయంలో 2002లో ఒక చక్కటి పరీక్ష జరిగింది. వియత్నాం యుద్ధానికి వెళ్లి ఆ జబ్బు తెచ్చుకున్న సైనికులతోపాటు, యుద్ధం మొహమే చూడని వారి కవల సోదరుల మెదళ్లనూ కొలిచారు. ఇంట్లో ఉండిపోయిన కవలలకు కూడా హిప్పోక్యాంపస్ చిన్నదిగానే ఉంది. పుట్టుకకు, పెంపకానికి మధ్య గీత గీయడం ఎంత కష్టమో ఆ కవలలు చూపించారు. కాబట్టి ఒక ఆడపిల్ల జబ్బుకు తల్లి పెంపకాన్ని తిట్టిపోయడమూ తొందరపాటే, ఆ పిల్లకు జరిగిన అన్యాయాన్ని వంశపారంపర్యం మీదికి నెట్టి కప్పెట్టడమూ తప్పే.

'నాటకాలు' అనే నింద పోయి, దాని స్థానంలో 'దాని మెదడే అంత, బాగుపడదు' అనే తీర్పు రావడం ఇంకా ప్రమాదం. బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనరీని బృందం ఈ జబ్బుతో చేరిన 290 మందిని 1992 నుంచి ఏళ్ల తరబడి వెంబడించింది. పదేళ్లలో 93 శాతం మంది కనీసం రెండేళ్లపాటు జబ్బు నిర్ధారణకు సరిపడా లక్షణాలు లేకుండా గడిపారు. ఉద్యోగం, స్నేహాలు, కుటుంబం అన్నీ కుదుటపడినవారు మాత్రం సగం మందే. రెండు అంకెలూ చెప్పాలి. మొదటిది దాచితే ఆశ చచ్చిపోతుంది, రెండోది దాచితే అబద్ధమవుతుంది.

ఈ జబ్బుకు బాగా పనిచేస్తుందని తేలిన చికిత్స డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. దాన్ని రూపొందించిన మార్షా లైన్‌హన్ 1961లో, 17 ఏళ్ల వయసులో, హార్ట్‌ఫోర్డ్‌లోని ఒక మానసిక ఆస్పత్రిలో చేరి రెండేళ్లకు పైగా ఉంది. తనను తాను గాయపరచుకుంటుంటే ఒంటరి గదిలో పెట్టారు, కరెంటు షాకులిచ్చారు. తన చికిత్సతో అలాంటి గాయాలూ, ఆస్పత్రిలో గడిపే రోజులూ తగ్గుతాయని ఆమె 1991లో పరీక్షించి చూపించింది. అక్కడే ఒకప్పుడు రోగినని 2011లో అదే ఆస్పత్రికి వెళ్లి అందరి ముందూ చెప్పింది. మెదడూ ఆమె వైపే మాట్లాడుతోంది: 2014లో న్యూయార్క్‌లో 11 మందికి ఏడాదిపాటు డీబీటీ ఇచ్చి, ముందూ వెనకా స్కాన్ చేస్తే అమిగ్డలా ఉద్రేకం తగ్గింది.

ఆ చికిత్సకు ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. వారానికోసారి థెరపిస్టుతో మాటలు, వారానికోసారి బృందంలో కూర్చుని ఉద్వేగాన్ని తట్టుకునే మెళకువలు నేర్చుకోవడం, మనసు తెగిపోయేలా ఉన్నప్పుడు చేయడానికి ఒక ఫోన్ నంబరు. మూడోది కొంతవరకు మనకూ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మిగతా రెండూ తెలుగులోనే నేర్పేవారు జిల్లా ఆస్పత్రిలో ఉండాలి, అదీ ఒక్క పూట కాదు, ఏడాది పొడుగునా.