గుండె ఆమెది, సంతకం ఎవరిది?

మా మరదలికి గుండె కవాటం మార్చాలన్నారు. కొల్లేరు లంక గ్రామం నుంచి కైకలూరు, అక్కణ్ణించి ఏలూరు, చివరికి ఒక పెద్దాసుపత్రి. ఆపరేషన్ కాగితం మీద మా తమ్ముడి చేత సంతకం పెట్టించుకున్నారు. పక్కనే మంచం మీద మెలకువగా ఉన్న ఆమెను ఒక్క మాట అడగలేదు. ఇదేమిటంటే "ఆవిడకేం తెలుస్తుందమ్మా" అన్నారు.

ఆమెకు తెలియవలసింది చాలా ఉంది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి, సరైన వైద్యం అందక కవాటాలు పాడయ్యే జబ్బు ఇది. పేద ఇళ్లలోనే ఎక్కువ. చాలామంది స్త్రీలకు గర్భం వచ్చి, ఆయాసం మొదలయ్యాకే బయటపడుతుంది. లోహపు కవాటం ఎక్కువ కాలం పనిచేస్తుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి సాధారణంగా ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేదు. కానీ అది కొన్నేళ్లకు అరిగిపోతుంది, మళ్లీ ఆపరేషన్ కావాలి. ఇందులో ఏది కావాలో చెప్పవలసింది పిల్లల్ని కనే మనిషి కాదా?

నెల తప్పాక గానీ ఆ మాత్ర సంగతి మాకు తెలియలేదు. బిడ్డ దక్కలేదు. కారణం మాత్రేనని డాక్టర్లు తేల్చి చెప్పలేదు. "ముందే చెబితే జాగ్రత్తపడేదాన్ని కదా వదినా" అంది. నా దగ్గర జవాబు లేదు.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయం లేనప్పుడు మత్తులో ఉన్న స్త్రీ తరఫున కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదంది. మత్తులో ఉన్నామెకే ఆ హక్కుంటే, మెలకువగా ఉన్నామెకు లేదా? 2018లో జాతీయ మానవహక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం కూడా రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలనే చెబుతోంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఇంత ఖరీదైన ఆపరేషన్ మాలాంటి వాళ్లకూ అందింది. అది చిన్న విషయం కాదు. అయితే ఖర్చు ప్రభుత్వం భరిస్తే రోగి నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు.

కుటుంబాన్ని పక్కన పెట్టమనడం లేదు. మాత్రలు గుర్తుచేసేదీ, పరీక్షకు తీసుకెళ్లేదీ ఇంట్లోవాళ్లే. వరండాలో పడుకునే అత్తకూ, తల్లికీ కూడా చెప్పండి. కానీ రోగితో పాటు కుటుంబంతో మాట్లాడటం వేరు, రోగికి బదులు మాట్లాడటం వేరు.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నర్సుల చేత చెప్పించండి. ఇంటికి పంపేముందు తెలుగులో రాసివ్వండి. రక్తపరీక్ష మా ఊళ్లకు దగ్గర్లో పెట్టండి. అన్నిటికంటే ముందు, "అమ్మా, నీకేం కావాలి?" అని ఆమెనే అడగండి.