చక్రముపై రెండు చేతులు

మన పత్రికలో పాఠశాలలను గూర్చియు, తెలుగు వాచకములను గూర్చియు వ్రాయుట పరిపాటి. కారు నడుపువాని చేతులను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను బరంపురమునందలి మన కుటుంబములలో నేడు కారున్న ఇండ్లు పెక్కు. పెండ్లిండ్లకు, మ్రొక్కులకు, సరుకు బేరములకు ఇచ్ఛాపురము, పలాస, టెక్కలి మీదుగా శ్రీకాకుళము, విశాఖపట్టణముల వరకు 16వ నంబరు జాతీయ రహదారిపై తిరుగుచునే యున్నాము. చక్రము పట్టినవాని చేతులలో ఇంటిల్లిపాది ప్రాణములును ఉండును. కావున ఇది సంఘ విషయమే యని మా అభిప్రాయము.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొనుట న్యాయము. మొన్నటి రథసప్తమికి కుటుంబముతో అరసవల్లి వెళ్లుచు, కుడిచేయి కిటికీపై ఆనించి, ఎడమచేయి చక్రము పైభాగమున వేసి నడుపుచుంటిమి. టెక్కలి దాటిన పిదప ఒక గేదె అడ్డము వచ్చినది. ఒంటిచేత చక్రము త్రిప్పబోగా అది కావలసినదానికన్న ఎక్కువ తిరిగి, బండి రోడ్డు దిగి మట్టిలో ఆగినది. దైవకృపచే ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. వెనుక కూర్చున్న మా తల్లిగారు చాలసేపు మాటాడలేదు. మా కుమారుడు మాత్రము, "నాన్నగారూ, నాకు నేర్పేటప్పుడు రెండు చేతులూ పెట్టమన్నారు గదా" అనెను. మాకు బదులు తోచలేదు.

విచారింపగా, మేము అతనికి నేర్పినదియు పాత పద్ధతియే యని తెలిసినది. చక్రమును గడియారముగా భావించి ఎడమచేయి పది వద్ద, కుడిచేయి రెండు వద్ద ఉంచవలెనని మాకు నేర్పిరి. మేమును అట్లే నేర్పితిమి. అంబాసిడరు, ఫియట్ల తొలిదినములలో అది తగియే యుండెను. నాటి చక్రములు పెద్దవి, బరువైనవి. పైనుండి క్రిందికి లాగుటకు ఆ పట్టు అనుకూలించెడిది. నేటి పవరు స్టీరింగునకు అంత బలము అక్కరలేదు. పైగా, వేగముగా పోవునప్పుడు ఒంటిచేతి చిన్న కుదుపునకే బండి ప్రక్కకు పోవును.

అంతకన్న ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగు. 2019 జులై 1 నుండి మన దేశమున తయారగు కార్లన్నింటికిని డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. చక్రము నడుమ ఎస్.ఆర్.ఎస్. అను అక్షరములున్నచో ఆ సంచి అచ్చట మడచియున్నదని గుర్తు. బండి గట్టిగా గుద్దుకొన్నప్పుడు అది రెప్పపాటుకన్న తక్కువ కాలములో ఉబ్బి వెలికి వచ్చును. చేయి పైభాగముననో, చక్రమునకు అడ్డముగానో యున్నచో, ప్రాణము కాచుటకు వచ్చిన సంచియే ఆ చేతిని ముఖముపైకి విసరును. ముంజేతి ఎముకలు విరుగుటయు కలదు.

కావున నేడు నిపుణులు చెప్పు స్థానము తొమ్మిది, మూడు. వర్తకులమైన మనకు తక్కెడ తెలియును: రెండు చేతులును ఒకే ఎత్తున నున్నచో ఎటు త్రిప్పినను అదుపు సమానము. మలుపునందు చేతిమీదుగా చేయి దాటింపక, ఒకచేయి నెట్టగా రెండవది లాగి అందుకొనవలెను. అరచేయి వెల్లకిల చేసి చక్రమును లోపలివైపునుండి పట్టి త్రిప్పు అలవాటు మానవలెను. గేరు మార్చిన చేయి వెంటనే స్వస్థానమునకు రావలెను. వీపు సీటునకు ఆనించి చేయి చాచినచో మణికట్టు చక్రపు పైయంచుపై ఆనవలెను. రొమ్మునకును చక్రపు నడిమికిని కనీసము 10 అంగుళములు, అనగా జానెడుకు పైగా, ఎడముండవలెను. సీటు బెల్టు పెట్టనివానికి ఎయిర్‌బ్యాగే కీడు చేయవచ్చును. వాహనపూజనాడు చక్రమునకు బొట్టు పెట్టుట సరియే. దాని నడుమ బొమ్మలు, రేకులు అంటింపరాదు.

"ముప్పదియేండ్లుగా ఒంటిచేత నడుపుచున్నాము, ఏమైనది?" అని అడుగు పెద్దలు కలరు. ముప్పదియేండ్లుగా దుకాణము తగులబడలేదని బీమా కట్టుట మానిన వర్తకుని తెలివి ఎట్టిదో ఇదియు అట్టిదే.

కారుతో వచ్చు పుస్తకములో ఇవి వ్రాసియే యుండును. అయితే అది సాధారణముగా ఇంగ్లీషున నుండుటచే మన పెద్దలలో పెక్కురు విప్పి చూడరు. అందుచే మన సంఘము నెలసరి సమావేశమున ఒక అరగంట దీనికి కేటాయింపవలెనని మా మనవి. నిలిపిన కారులో పెద్దలు కూర్చుండి, చదువుకొన్న పిల్లలు తెలుగున చెప్పగా, సీటును చేతులను సరిచూచుకొనవలెను. పిల్లలచే నేర్చుకొనుట చిన్నతనము కాదు. వారు మన మాట వినుటకన్న మన చేతలు చూచుటయే ఎక్కువ.

నాటినుండి మా తల్లిగారు మా కారెక్కలేదు. ఊరికి రైలులోనే పోవుచున్నారు. మేము మాత్రము ప్రతిదినము తొమ్మిది, మూడు అనుకొనియే బండి తీయుచున్నాము. రాబోవు రథసప్తమికి ఆమె మరల మాతో కారులో వత్తురని ఆశించుచున్నాము.