సలహా చెప్పే మిషను వేరు, తీర్పు చెప్పే మిషను వేరు



ఈ నడుమ మన మరిపెడ బంగ్లా దిక్కు ఏ చాయ్ హోటల్ల కూసున్నా ఏఐ ముచ్చటే నడుస్తున్నది. ఇగ వ్యవసాయం మొత్తం ఫోనే చేసి పెడతదని కొందరు అంటున్నరు. మన బతుకులన్నీ ఆగం చేస్తదని ఇంకొందరు అంటున్నరు. నాకు ఈ రెండు మాటల మీదా నమ్మకం లేదు. ఈ మిషన్లు రెండు రకాలుగ మన దగ్గరికి వస్తున్నయి. ఒకటి మనకు సలహా చెప్తది, వినుడు వినకపోవుడు మన ఇష్టం. రెండోది మన మీద తీర్పు చెప్తది, అది చెప్పినంక మనకు ఇష్టం అనేదే ఉండదు. మొదటిదాన్ని జాగ్రత్తగ వాడుకుందాం. రెండోదాని కాడ మాత్రం గట్టిగ నిలబడి అడగాలె. పోస్టు జర పొడుగున్నది, మోటరు నడిచేటప్పుడు ఒడ్డు మీద కూసొని చదువుకోండి.

ముందు సలహా చెప్పేదాని సంగతి. మన పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2022లో 'సాగు బాగు' అని ఒక పథకం మొదలుపెట్టిండ్రు. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ సంస్థ కలిసి 7,000 మంది మిర్చి రైతులతోటి నడిపిండ్రు. వాట్సాప్‌లో తెలుగుల సలహాలు, మిషను మీద మట్టి పరీక్ష, కెమెరాతో కాయ నాణ్యత చూసుడు, కొనేటోళ్లతోటి నేరుగ కలుపుడు, ఇవి అందులో ఉన్నయి. ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగు మందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గిందని, రేటు 8 శాతం ఎక్కువ వచ్చిందని వాళ్లు ప్రకటించిండ్రు. 2023లో దీన్ని 5 లక్షల మంది రైతులకు తీసుకపోతమని కూడ చెప్పిండ్రు.

ఈ లెక్కలు చెప్పింది పథకం నడిపినోళ్లే అన్నది మతిలో పెట్టుకోండి. ఆ ఏండ్లల్ల మిర్చికి మంచి రేటున్న సంగతీ మీకు యాదికుంటది, 2023లో తేజ 20 వేలు దాటింది. అయినా సరే, మందుల ఖర్చు 9 శాతం తగ్గిందంటే నేను దాన్ని చిన్నగ చూడను. మిర్చి ఏసినోళ్లకు తెలుసు, ఎకరంల పోసే పెట్టుబడిల మందు డబ్బాల భాగమెంతో. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మనం ఏం చేసినం? మందుల దుకాణం కాడికి ఉరికినం. ఆయన నాలుగు డబ్బాలు టేబుల్ మీద పెట్టి కలిపి కొట్టమన్నడు. కొట్టినం. ఐదు రోజులకు ఇంకో నాలుగు. ఉద్దెర ఇచ్చేటాయనే డాక్టరయితే చీటీ గట్లనే ఉంటది మరి. అసొంటి కాడ సరుకు అమ్ముకునే అవసరం లేని ఒక గొంతు ఉచితంగ సలహా చెప్తే మంచిదే గదా. (అది ఎల్లకాలం ఉచితంగ ఉంటదా అనేది వేరే ముచ్చట. రేపు దాన్ల మందుల కంపెనీల ప్రకటనలు వస్తే అదీ ఇంకో దుకాణమే అయితది.)

కాని అది ఎట్ల చెప్తదో తెలుసుకొని వాడాలె. ఈ మధ్య మా చేన్ల మిర్చి ఆకు ముడుచుకుంటే ఫోన్ల ఫొటో తీసి అడిగిన. తామర పురుగు అన్నది, మందు పేరు, మోతాదు టకటకా చెప్పింది. అదే చెట్టుకు ఇంకో పక్క నుంచి ఫొటో తీసి మళ్లీ అడిగిన. నల్లి అన్నది, ఇంకో మందు చెప్పింది. రెండుసార్లూ గంత నమ్మకంగనే చెప్పింది. మిర్చిల పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్ల నల్లి అని మన నాయనలకు ఎవ్వరు చెప్పకున్నా తెలుసు. రెండింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి కొడితే పైసలు పాయె, పురుగు ఉండె. ఆకు తిప్పి అడుగు పక్క చూసుడు, పూత దులిపి అరచేతిల చూసుడు, ఈ పని ఫొటో చెయ్యదు. అందుకే నేననేది, ఫోన్‌ను చదువుకున్న దోస్తు లెక్క చూడండి, పంతులు లెక్క కాదు. అది చెప్పిన మందును డబ్బా మీద రాసిన మోతాదుతోటి సరిచూసుకోండి. అనుమానం ఉంటే ఏఈఓను పిలవండి, లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు కొట్టండి. 2004 నుంచి ఉన్నది అది, తెలుగుల మనిషే మాట్లాడుతడు.

ఇంకో మాట. ఈ మిషన్లకు తెలుగు వచ్చింది, సంతోషం. మన మండలం చుట్టూ ఎన్ని తండాలున్నయి? ఆ తండాలల్ల ముసలవ్వలు ఇంట్ల మాట్లాడేది గోర్ బోలి. ఆ భాషల అడిగితే ఈ ఫోను ఏం చెప్తదో ఒకసారి ఆడిచ్చి చూడండి. తెలుగుల అయినా పేపరు భాష దానికి బాగ తెలుసు, మనం చేన్ల మాట్లాడే మాటలు సగమే తెలుసు.

సరే, సలహా సరిగనే చెప్పిందనుకుందాం. అందరికీ దిగుబడి పెరిగిందనుకుందాం. అప్పుడేమయితది? దీని మీద ఏ యాపూ మాట్లాడదు. 2017 యాది చేసుకోండి. అంతకు ముందు ఏడు మిర్చికి మంచి రేటు వచ్చిందని అందరం అదే ఏసినం, పంటా బాగనే వచ్చింది. ఏప్రిల్ నెలల ఖమ్మం యార్డుల రేటు 3 వేల దాకా పడిపోయింది. 28వ తారీఖు నాడు రైతులు కడుపు మండి యార్డు మీద పడ్డరు. మే నెలల పది మంది రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీస్కపోయిండ్రు. ఆ ఫొటో దేశమంత చూసింది. ఆ రైతుల్ల ఎవ్వరికీ దిగుబడి తక్కువ రాలె, వాళ్లను ముంచింది రేటు. మొన్న 2025ల కూడ తేజ 14 వేల కిందికి పడ్డది గదా, చెట్టు మీద కాయ ఏరనీకె కూలి కూడ ఎల్లని రోజులు చూసినం.

ఏ మండలంల ఎన్ని ఎకరాల మిర్చి పడ్డది, ఎంత దిగుబడి వస్తది అనేది ఉపగ్రహం ఫొటోలతోటి ముందే అంచనా కట్టే మిషన్లు ఇప్పుడున్నయి. ఆ అంచనా నారు పోయకముందే మనకు చెప్తే అప్పుడు అది రైతు టెక్నాలజీ. కోత టైముకు పెద్ద వ్యాపారి చేతుల మాత్రమే ఉంటే అది మన మెడ మీద కత్తి. 2023 ఆగస్టుల మన రాష్ట్రంలనే వ్యవసాయ డేటా ఇచ్చిపుచ్చుకోనీకె 'అడెక్స్' అని ఒక వేదిక పెట్టిండ్రు, ఖమ్మం జిల్లాతోటే మొదలుపెట్టిండ్రు. మన మట్టి, మన పంట, మన ఎకరాల లెక్కలు కంపెనీల కాడికి పోయే దారి అది. పోవద్దని నేననను. మన లెక్కతోటి ఎవరేం చేస్తున్నరో మనకు చెప్పాలె, ఆ లెక్కల నుంచి వచ్చే రేటు అంచనా ముందు మన రైతు వేదికల గోడ మీద పడాలె.

ఇగ నాకు అసలు భయం ఉన్న కాడికి వస్తున్న. తీర్పు చెప్పే మిషను.

మన రాష్ట్రంల 'సమగ్ర వేదిక' అని ఒక కంప్యూటర్ వ్యవస్థ ఉన్నది. మీ పేరు మీద బండి ఉన్నదా, భూమి ఉన్నదా, కరెంటు మీటరెంత, నౌకరి ఉన్నదా, అన్ని శాఖల కాయితాలు ఒక్క కాడ కలిపి ఫలానా మనిషి వీడే అని జత కట్టి చూస్తది. దాన్ని రేషన్ కార్డుల ఏరివేతకు వాడిండ్రు. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంల 18 లక్షల 60 వేలకు పైన ఆహార భద్రత కార్డులు రద్దయినయి, 1,42,086 కొత్త దరఖాస్తులు తిప్పి పంపిండ్రు. చాన మందికి నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసిన మనిషి లేడు. హైదరాబాద్‌ల ఒక రిక్షా తొక్కేటాయన కుటుంబానికి కార్డు పోయింది. ఎందుకంటే ఆయనకు కారున్నదని కంప్యూటర్ చెప్పింది. ఆయన పేరును పోలిన పేరున్న ఇంకొకాయనకు కారున్నది, అంతే. జత కట్టుడు తప్పింది. ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ ఏండ్ల తరబడి తిరిగింది.

మన ఊర్లల్ల ఒక్క ఇంటిపేరు, ఒక్క పేరు ఉన్నోళ్లు ఎంతమంది? తండాలల్లయితే ఇంటిపేర్లు నాలుగైదే, బానోతు, భూక్యా, గుగులోతు, ధరావత్. పేర్లు చూసి మనిషిని గుర్తుపట్టుడు మన కాడ ఎట్ల నడుస్తది?

ఈ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌ల కోర్టు చెప్పింది, రద్దు చేసిన కార్డులన్నీ మళ్లీ ఇంటింటికి పోయి చూడుమని. దగ్గర దగ్గర 19 లక్షల కార్డులు. జులై దాకా 2,05,734 దరఖాస్తులు చూస్తే అందుల 15,471 మంది అర్హులే అని తేలింది. నూటికి ఏడుకు పైన. ఏడే గదా అనేటోళ్లు ఉంటరు. ఆ ఏడు ఇండ్లల్ల బియ్యం ఆగిన నెలలు ఎన్నో వాళ్లనే అడగాలె. అదీ మళ్లీ అర్జీ పెట్టుకున్నోళ్ల లెక్కనే. అర్జీ ఎట్ల పెట్టాల్నో తెల్వనోళ్లు ఈ లెక్కల లేనే లేరు.

వ్యవసాయంల కూడ ఇదే వస్తున్నది. మొన్న పత్తికి 'కపాస్ కిసాన్' యాప్ వచ్చింది. స్లాట్ బుక్ చేసుకుంటేనే సీసీఐ కాడికి పోవాలె. మాయిశ్చరు 8 నుంచి 12 దాటొద్దు. స్లాట్ పట్టిచ్చుకొని కూసుంటే అక్టోబర్ ఆఖరుకు మొంథా తుపాను వచ్చి చేన్ల పత్తి మొత్తం నానింది. వానకు స్లాటు తెల్వదు, స్లాటుకు వాన తెల్వదు. యాప్‌తోటి లైను తగ్గుతది నిజమే, యూరియాకు చెప్పులు లైన్ల పెట్టి నిద్ర చేసినోళ్లం మనం, లైను తగ్గుడు విలువ మనకు తెల్వదా? కాని ఆధారు లింకున్న ఫోను లేనోడు, కౌలుకు చేసేటోడు ఎటు పోవాలె? పాస్‌బుక్ పట్నంల ఉన్న దొర పేరు మీద, చెమట కౌలుదారుది. కంప్యూటర్‌కు పాస్‌బుక్కే కనబడతది, చెమట కనబడదు. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు కూడ కౌలు రైతుకు రూపాయి రాలె. అప్పుడు మనుషులు చేసిన అన్యాయాన్నే ఇప్పుడు మిషన్ల పోసి గట్టి చేస్తున్నరు.

రేపు పంట బీమా మన రాష్ట్రంల మళ్లీ పెడితే ఇంకో సంగతి ఉన్నది. మనం 2020ల కేంద్ర పథకం నుంచి బయటికొచ్చినం. ఆ పథకంల 2023 వానాకాలం నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కల కనీసం 30 శాతం ఉపగ్రహం, మిషన్ల అంచనాకు ఇస్తున్నరు. తొందరగ పైసలు వస్తే మంచిదే. మరి 2024 సెప్టెంబర్ 1 నాటి ఆకేరు వరద యాదికున్నదా? పురుషోత్తమాయగూడెం కాడ రోడ్డు తెగింది, సీతారాంతండా ఇండ్లు మునిగినయి, వాగు పొంటి పొలాలల్ల ఇసుక మేటలు వేసింది. పై నుంచి చూస్తే ఆ ఇసుక ఎవరి సర్వే నంబరుల ఎంత లోతు ఉన్నదో తెలుస్తదా? ఒడ్డు మీద నిలబడి, ఇది మా చెలక సారూ అని చూపియ్యనీకె ఒక మనిషి ఎదురుంగ ఉండాలె.

(నడుమల ఒక ముచ్చట: పీఎం కిసాన్ పేరుతోటి వాట్సాప్‌ల ఏపీకే ఫైళ్లు వస్తే ఎవ్వరు గూడ నొక్కకండి. ఖాతా ఊడ్చుకపోతరు. మీ ఇండ్లల్ల ముసలోళ్లకు ఇయ్యాల్నే చెప్పండి.)

మరి ఏమడగాలె అంటే, నేననుకునేది ఇది. మిషను పేరు కొట్టేస్తే కొట్టేసే ముందే కాయితం మీద కారణం రాసి ఇంటికి పంపాలె, తెలుగుల. ఆ కాయితం మీద ఒక అధికారి సంతకం ఉండాలె, పేరుతోటి. కంప్యూటర్ తీసేసింది, మేమేం చేస్తం అనే జవాబు ఇగ చెల్లదని చెప్పాలె. ఏ యాప్ పెట్టినా ఫోను లేనోడికి రైతు వేదిక కాడ ఒక మనిషి రాసి పెట్టాలె. కౌలు రైతు పేరు ఎక్కిచ్చే గడి లేని యాప్‌ను రైతు యాప్ అనొద్దు. ఇవేం గొంతెమ్మ కోరికలు కావు.

మంగళవారం రైతు నేస్తం వీడియో కాన్ఫరెన్స్ ఉంటది గదా రైతు వేదికల. సైంటిస్టులు మందుల గురించి చెప్తరు, వినండి. వచ్చే మంగళవారం ఒక పది మందిమి పోయి, మన మండలంల ఎవరి పేరు ఏ యాప్‌ల ఎందుకు ఎక్కలేదో ఏఈఓ సారును అడుగుదాం. అడిగేది ఆ సారును తిట్టనీకె కాదు, ఆయన కూడ ఆ యాపుల నడుమ నలుగుతున్నోడే. మీ కార్డు గాని, మీ స్లాటు గాని, మీ కౌలు పేరు గాని ఆగి ఉంటే ఊరి పేరు, ఏ తారీఖు, ఏమని చెప్పి ఆపిండ్రు, ఈ మూడు ముక్కలు కింద రాయండి. ఆధార్ నంబర్లు మాత్రం ఎవ్వరు పెట్టకండి. ఆదివారం పొద్దుందాక వచ్చినయన్నీ ఒక్క కాయితం మీద రాసుకొని పోదాం.